పాండేసర పద్దు



సూరత్‌లో ఉధనా దాటి దక్షిణంగా వెళితే పాండేసర వస్తుంది. అక్కడ జీఐడీసీ పారిశ్రామిక ఎస్టేట్‌లో వంద పైచిలుకు మిల్లులున్నాయి. బట్ట నేసే మిల్లులు కావవి. ఎక్కడో సాంచాల మీద, అంటే మరమగ్గాల మీద, నేసిన తెల్లబట్ట ఇక్కడికొచ్చి ఉతుకు తిని, రంగు తాగి, పువ్వులు అద్దించుకుని చీరై బయటికి పోతుంది. మన ఊళ్లలో పెళ్లిళ్లకు, పెట్టుపోతలకు సూరత్ చీరలంటూ కట్టలకు కట్టలు కొంటారే, వాటికి రంగు పడే చోట్లలో పాండేసర ఒకటి.

రంగుల మిల్లుకు దారంతో పనిలేదు. దానికి కావలసింది ఆవిరి, నీళ్లు. బట్టను ఉతకాలి, రంగులో ముంచాలి, మళ్లీ ఉతకాలి, మిగిలిన రంగు పోయేదాకా ఉతుకుతూనే ఉండాలి. ఒక్క మిల్లు ఒక్క రోజులో తాగే నీళ్లు ఒక చిన్న ఊరికి సరిపోతాయి. వంద మిల్లులంటే ఎంతో మీరే ఊహించుకోండి. చాలా ఏళ్లు ఆ నీళ్లు భూమిలోంచి తోడుకున్నవి, కాకపోతే మున్సిపల్ కార్పొరేషన్ ఇచ్చే మంచినీళ్లు. అంటే తాపీ నది నుంచి తెచ్చి, వడగట్టి, శుద్ధి చేసిన తాగునీరు పోయి చీర జాడించే తొట్లో పడేది. అదే పాండేసరలో ఖోలీల ముందు, అంటే అద్దె గదుల ముందు, ఆడవాళ్లు బిందెలు వరసపెట్టి నిలబడి ఉండేవారు.

ఈ చిక్కుముడి విప్పడానికి సూరత్ కార్పొరేషన్ పట్టిన దారి దేశమంతా చెప్పుకునేది. దగ్గర్లోనే బమ్రోలీలో మురుగునీటి శుద్ధి కేంద్రం ఉంది. ఇళ్ల నుంచి వచ్చిన మురుగును అక్కడ శుద్ధి చేసి వదిలేసేవారు. ఆ వదిలేసే నీటినే ఇంకో మెట్టు పైకి శుద్ధి చేసి మిల్లులకు అమ్మితే? 2014లో ఆ పనికి కొత్త కేంద్రం మొదలైంది. సన్నటి పొరల గుండా వడగట్టి, ఆపైన ఇళ్లలో ఆర్వో అంటామే, ఆ పద్ధతిలో నీటిని తేర్చి, గొట్టాల్లో పాండేసర ఎస్టేట్‌కు పంపించారు. రోజుకు 4 కోట్ల లీటర్ల సామర్థ్యం. కట్టడానికి దాదాపు 85 కోట్ల రూపాయలు పట్టింది. మొదట పెట్టిన ధర వెయ్యి లీటర్లకు 18 రూపాయల 20 పైసలు. మిల్లులు అప్పటిదాకా మంచినీటికి కట్టే ధర కంటే ఇది తక్కువ.

పెన్ను, కాగితం దగ్గరుంటే ఒక చిన్న లెక్క వేయండి. 4 కోట్ల లీటర్లంటే 40 వేల కిలోలీటర్లు. పూర్తిగా నడిస్తే రోజుకు 7 లక్షల 28 వేల రూపాయలు. ఏడాదికి 26 కోట్ల పైచిలుకు. కరెంటు ఖర్చు, పొరలు మార్చే ఖర్చు, మనుషుల జీతాలు అందులోంచే పోవాలి, నిజమే. అయినా ఒకప్పుడు వదిలించుకోవడానికి ఎదురు డబ్బు పెట్టిన మురుగు, జమ వైపు ఒక పద్దుగా ఎక్కింది. తరువాతి ఏళ్లలో సూరత్ ఈ పద్ధతిని పెంచుకుంటూ పోయింది. ఇప్పుడు శుద్ధి చేసిన నీటి అమ్మకం మీద ఏటా వచ్చే రాబడి వంద కోట్లు దాటిందని కార్పొరేషన్ లెక్కలు చెబుతున్నాయి. గుజరాత్ ప్రభుత్వం 2018లో మురుగునీటి పునర్వినియోగానికి ఒక విధానమే తెచ్చింది.

మిల్లుకు చవకగా నీళ్లు దొరికాయి. ఊరికి మంచినీళ్లు మిగిలాయి. కార్పొరేషన్‌కు డబ్బు వచ్చింది. ముగ్గురూ బాగుపడ్డ బేరం ఇది. మరి ఈ బేరం కుదిరినప్పుడు ఎవరెవరు కూర్చున్నారు? కార్పొరేషన్ వారు, మిల్లుల యజమానులు. మురుగు ఎవరి ఇళ్లలోంచి వచ్చిందో వాళ్లు కూర్చోలేదు. కూర్చోవాలని ఎవరికీ తోచలేదు కూడా. ఈ ప్రసంగమంతా ఆ ఖాళీ కుర్చీ గురించే.

సూరత్ ఎంత వేగంగా పెరిగిందో చెబితే గాని డబ్బు కష్టం అర్థం కాదు. 1991 జనాభా లెక్కల నాటికి నగరంలో 15 లక్షల మంది. 2011కి 44 లక్షల 67 వేలు. నగర విస్తీర్ణం 2006లో 326 చదరపు కిలోమీటర్లయింది, 2020లో మళ్లీ పెరిగి 460 దాటింది. కొత్తగా కలిసిన ప్రతి ఊరికీ రోడ్డు, నీళ్లు, డ్రైనేజీ, బడి ఏర్పాటు చేయాలి. వచ్చినవాళ్లలో ఒడిశాలోని గంజాం వాళ్లున్నారు, మహారాష్ట్రలోని ఖాందేశ్ వాళ్లున్నారు, ఉత్తరప్రదేశ్, బీహార్ వాళ్లున్నారు. సిరిసిల్ల, కరీంనగర్, వరంగల్, నల్లగొండ వైపు నుంచి వచ్చిన మన పద్మశాలీలున్నారు. లింబాయత్, ఉధనా, పాండేసర సందుల్లో తెలుగు మాట వినబడటం వింతేమీ కాదు. కార్పొరేషన్ బడులు ఏడు భాషల్లో నడుస్తాయి. అందులో తెలుగు ఒకటి. ఆ బడి పంతులు జీతం కూడా ఇప్పుడు మాట్లాడుకుంటున్న పద్దులోనిదే.

ఇంత పెద్ద సంసారానికి ఒకప్పుడు పెద్ద ఆధారం ఆక్ట్రాయ్. నగరంలోకి సరుకు తెచ్చే లారీని నాకా దగ్గర ఆపి సుంకం వసూలు చేసేవారు. పాతకాలపు కోట గుమ్మం దగ్గర సుంకరి కూర్చున్నట్టే. లారీలు గంటల తరబడి నిలబడేవి, లంచాలు నడిచేవి, వ్యాపారులు తిట్టుకునేవారు. కాని ఆ డబ్బు నగరం సొంత డబ్బు. నూలు లారీలు పెరిగితే రాబడి పెరిగేది, ఎవరినీ అడగనక్కరలేదు. 2007 నవంబరులో గుజరాత్ ప్రభుత్వం మహానగరాల్లో ఆక్ట్రాయ్ ఎత్తేసింది. బదులుగా గ్రాంటు ఇస్తోంది. సొంత సంపాదన పోయి పెద్దాయన పంపే మనియార్డరు వచ్చిందన్నమాట. మనియార్డరు ఎంతో, ఎప్పుడో నిర్ణయించేది పంపేవాడే.

ఇది ఒక్క సూరత్ గోడు కాదు. రిజర్వు బ్యాంకు 2022లో మున్సిపాలిటీల ఆర్థిక స్థితి మీద ఒక నివేదిక వేసింది. దేశంలోని మున్సిపల్ సంస్థలన్నిటి రాబడీ కలిపితే స్థూల దేశీయోత్పత్తిలో ఒక శాతం దగ్గరే ఏళ్ల తరబడి ఆగిపోయిందని అందులో ఉంది. బ్రెజిల్‌లో అది 7 శాతం పైన. అందుకే 15వ ఆర్థిక సంఘం, నగరాలకు గ్రాంటు కావాలంటే ఆస్తిపన్నుకు కనీస రేటు ప్రకటించాలని, ఆడిట్ అయిన లెక్కలు ఆన్‌లైన్‌లో పెట్టాలని రాష్ట్రాలకు షరతు పెట్టింది.

రాబడి చాలనప్పుడు అప్పు. అహ్మదాబాద్ కార్పొరేషన్ 1998లో ప్రభుత్వ హామీ లేకుండా 100 కోట్ల బాండ్లు అమ్మి దేశంలో దారి తీసింది. 2018 ఫిబ్రవరిలో హైదరాబాద్ 200 కోట్లు తీసుకుంది, వడ్డీ 8.9 శాతం. ఆ డిసెంబరులో విశాఖపట్నం 80 కోట్లు తీసుకుంది, వడ్డీ 10 శాతం. 2019లో సూరత్ వంతు వచ్చింది: 200 కోట్లు, 8.68 శాతం. ఏడాదికి వడ్డీయే 17 కోట్ల 36 లక్షలు. 2023లో ఇండోర్ గ్రీన్ బాండ్లు మామూలు జనానికే నేరుగా అమ్మింది. 2025లో సూరత్ కూడా 200 కోట్లకు అదే దారి పట్టింది. బాండు కొన్నవాడికి నగరం పత్రాలు చూపిస్తుంది, లెక్కలు చూపిస్తుంది, రేటింగు చూపిస్తుంది. పైసా పెట్టినవాడికి ఆ మాత్రం మర్యాద ఉండాల్సిందే. కాని ఆ అప్పు తీర్చేది పన్ను కట్టే జనం. వాళ్లకు చూపించింది ఏముంది?

ఇక్కడ ఒక తెలుగు మనిషి కథ చెప్పుకోకుండా ముందుకు పోలేం. 1994 సెప్టెంబరులో సూరత్‌లో ప్లేగు వచ్చింది. లక్షల మంది మూటాముల్లె సర్దుకుని రైళ్లెక్కారు, బస్సులెక్కారు. సూరత్ పేరు చెబితే ముక్కు మూసుకున్న రోజులవి. 1995 మే నెలలో సూర్యదేవర రామచంద్రరావు, ఎస్.ఆర్.రావుగా అందరికీ తెలిసిన ఐఏఎస్ అధికారి, మున్సిపల్ కమిషనర్‌గా వచ్చారు. ఏసీ గదుల్లోంచి రోజువారీ పనుల్లోకి రండి అంటూ అధికారులను పొద్దున్నే వీధుల్లోకి తోలారు. నగరాన్ని ఆరు జోన్లు చేసి, జోన్ కమిషనర్ల చేతికి డబ్బు ఖర్చు పెట్టే అధికారం ఇచ్చారు. అక్రమ కట్టడాలు కూల్చడం బీదవాళ్ల గుడిసెలతో కాక పలుకుబడి ఉన్నవాళ్ల భవనాలతో మొదలుపెట్టారు. మొండి బకాయిల పన్ను వసూలు చేశారు. 1996లో ఇంటాక్ సంస్థ చండీగఢ్ తరువాత దేశంలో శుభ్రమైన నగరం సూరతేనని చెప్పింది. 2023 స్వచ్ఛ సర్వేక్షణ్‌లో ఇండోర్‌తో పాటు మొదటి స్థానం పంచుకుంది కూడా ఈ సూరతే.

రావుగారి పని గొప్పది, అందులో సందేహం లేదు. అయితే అది పైనుంచి కిందికి దిగిన పని. అధికారం కమిషనర్ నుంచి జోన్ కమిషనర్ దాకా దిగి, అక్కడ ఆగింది. వీధి శుభ్రంగా ఉందా లేదా అన్నది జనం చూడగలరు. వీధికి ఎంత ఖర్చయింది, ఆ ఖర్చు మన వీధికి ఎందుకు, పక్క వీధికి ఎందుకు కాదు అన్నది చూడలేరు. ప్లేగు లాంటి ఆపదలో గట్టి మనిషి చాలు. ముప్పై ఏళ్ల అప్పుకు, ముప్పై ఏళ్ల డ్రైనేజీకి ఒక్క మనిషి చాలడు. ఆయన బదిలీ అయిపోతాడు, అప్పు బదిలీ కాదు.

కూర్చున్నవాళ్లను బట్టి తీర్పు మారుతుందనడానికి న్యూయార్క్ కంటే మంచి సాక్ష్యం లేదు. 1975లో ఆ నగరం దివాలా అంచుకు వచ్చింది. గట్టెక్కించడానికి ఒక కార్పొరేషన్, నగరం ఖర్చు మీద ఒక ఆర్థిక నియంత్రణ బోర్డు వేశారు. ఫెలిక్స్ రోహటిన్ అనే బ్యాంకరు ఆ కార్పొరేషన్‌కు పెద్ద దిక్కు. నగరం మునిగిపోలేదు, నిజం. కాని ఆ సెప్టెంబరులో సబ్‌వే టికెట్ 35 సెంట్ల నుంచి 50 సెంట్లయింది. మరుసటి ఏడు, నూట పాతికేళ్లకు పైగా ఉచితంగా చదువు చెప్పిన సిటీ యూనివర్సిటీలో ఫీజు మొదలైంది. బల్ల చుట్టూ కూర్చున్నవాళ్లకు సబ్‌వే ఎక్కే అవసరం ఎంతుందో, వాళ్ల పిల్లలు ఏ యూనివర్సిటీలో చదివేవారో ఊహించడం కష్టమేమీ కాదు. ఇంకో విచిత్రం, చివరికి ఆ బాండ్లు కొని నగరాన్ని నిలబెట్టిన వాటిలో పంతుళ్ల, ఉద్యోగుల పెన్షన్ నిధులున్నాయి. డబ్బు వాళ్లది, కత్తెర ఇంకొకరిది.

ఇప్పుడు మెల్‌బోర్న్ సంగతి. 2014లో ఆ నగరపాలక సంస్థకు పదేళ్ల ఆర్థిక ప్రణాళిక వేసుకోవలసి వచ్చింది. మొత్తం 500 కోట్ల డాలర్ల వ్యవహారం. వాళ్లు నిపుణుల కమిటీ వేయలేదు. ఆహ్వానాలు పంపి, ఒప్పుకున్నవాళ్లలోంచి లాటరీ పద్ధతిలో 43 మందిని ఎంచారు. వాళ్లలో అక్కడ నివసించేవాళ్లున్నారు, వ్యాపారులున్నారు, విద్యార్థులున్నారు. నగరం లెక్కల పుస్తకాలు వాళ్ల ముందు తెరిచి పెట్టారు. అనుమానం వస్తే ఏ అధికారినైనా పిలిపించుకుని అడగవచ్చు. శనివారాలు కూర్చుని నెలల తరబడి చదివారు, వాదించుకున్నారు. చివరికి ఏం చెప్పారు? అన్నీ ఉచితంగా ఇమ్మనలేదు. ధరల పెరుగుదల కంటే కాస్త ఎక్కువగా ఆస్తిపన్ను పెంచుకోండి అన్నారు. వాతావరణ మార్పుకు ఎక్కువ డబ్బు పెట్టండి అన్నారు. కౌన్సిల్ వాటిలో చాలా వాటిని మరుసటి ఏడు ప్రణాళికలోకి తీసుకుంది.

పన్ను పెంచండి అని జనమే చెప్పడం మన నాయకులకు నమ్మబుద్ధి కాకపోవచ్చు. ఎన్నికల ముందు పన్ను మాట ఎత్తితే ఓటు పోతుందన్న భయం ఉన్నదే. కాని లెక్క మొత్తం కళ్లముందు పెడితే మనిషి వేరుగా ఆలోచిస్తాడు. ఇంట్లో అప్పు సంగతి పెళ్లాం, పిల్లల దగ్గర దాచిన మగవాడికి ఇంట్లో సహకారం ఉండదు. చెప్పినవాడికి ఉంటుంది. పల్లెల్లో అందరికీ తెలిసిన మాటే ఇది.

లాటరీ తీసి మనుషులను ఎంచడం తెల్లవాళ్ల కొత్త పద్ధతి అనుకుంటే పొరపాటు. కాంచీపురం దగ్గర ఉత్తరమేరూరులో, మొదటి పరాంతక చోళుడి కాలంలో, క్రీస్తు శకం 919లోనూ 921లోనూ చెక్కించిన శాసనాలున్నాయి. ఊరిని 30 వార్డులు చేశారు. అర్హుల పేర్లు తాటాకుల మీద రాసి కుండలో వేసి, లోపల ఏముందో తెలియని పసిపిల్లవాడి చేత ఒక్కొక్కటి తీయించేవారు. అలా ఎంచినవాళ్లు చెరువు సంఘం, తోట సంఘం, బంగారు సంఘం నడిపేవారు. అందులో ఒక నియమం ఇప్పటి కార్పొరేషన్ల గోడల మీద కూడా చెక్కించదగ్గది. గతంలో సంఘంలో ఉండి లెక్క చెప్పనివాడు పనికిరాడు. వాడి బంధువులూ పనికిరారు!

అయితే ఆ శాసనాన్ని నెత్తిన పెట్టుకునే ముందు ఇంకో నియమం కూడా చదవాలి. పన్ను కట్టే భూమి ఉండాలి. సొంత స్థలంలో ఇల్లుండాలి. వేదం తెలిసి ఉండాలి. అంటే అద్దె ఇంటివాడు, కూలివాడు, ఆడమనిషి ఆ కుండ దరిదాపులకు రాలేరు. సూరత్ మున్సిపల్ కార్పొరేషన్‌లో కూడా కాకతాళీయంగా 30 వార్డులే. వార్డుకు నలుగురు చొప్పున 120 మంది కార్పొరేటర్లు. ఇప్పుడు ఓటు హక్కుకు భూమి, ఇల్లు అడగరు. కాని పాండేసర ఖోలీలో ఉంటూ పన్నెండు గంటల షిఫ్టు చేసే మనిషి ఓటు తరచుగా సొంత ఊళ్లోనే ఉంటుంది. పోలింగు రోజు మిల్లు వదిలి సిరిసిల్లకో, గంజాంకో రైలెక్కే స్తోమత అందరికీ ఉండదు. అలా రెండు చోట్లా లెక్కలోకి రాకుండా పోయేవాళ్లు ఎందరో. వెయ్యేళ్ల కిందటి కుండ దగ్గరి అడ్డు వేరే రూపంలో ఇంకా అక్కడే ఉంది.

అద్దె మనిషి పన్ను కట్టడు గదా, అతనికి మాటెందుకని కొందరు అంటారు. కడతాడు. గుజరాత్ నగరాల్లో ఆస్తిపన్ను ఇంటి కార్పెట్ ఏరియా మీద లెక్కవేస్తారు. ఆ లెక్కలో ఇల్లు ఎక్కడుంది, ఎంత పాతది, దేనికి వాడుతున్నారు అన్నవాటితో పాటు సొంతవాళ్లు ఉంటున్నారా, అద్దెకిచ్చారా అన్నది కూడా చూస్తారు. ఆ వేరో, అక్కడివాళ్లు పన్నును అలాగే అంటారు, ఇంటి యజమాని పేరు మీదే వస్తుంది గాని అద్దెలో కలిసి ఖోలీవాడి జేబులోంచే పోతుంది. రసీదు మాత్రం సేఠు గల్లాపెట్టెలో ఉంటుంది.

వరద వచ్చినప్పుడు మాట ఉన్నవాడికి, లేనివాడికి మధ్య తేడా ఇంకా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. 2006 ఆగస్టులో ఉకాయ్ ఆనకట్ట నుంచి వదిలిన నీటితో సూరత్‌లో ఎక్కువ భాగం మునిగింది. అది తాపీ వరద. వానాకాలంలో తరచూ వచ్చే ఖాడీ వరద వేరే. నగరంలోంచి పారే వాగులను అక్కడ ఖాడీలంటారు. లింబాయత్ వైపు మీఠీ ఖాడీ పొంగితే మొదట తడిసేవి నేలమట్టం ఖోలీలు, వాటిలోని బియ్యం డబ్బాలు, పిల్లల పుస్తకాలు. నదికి గోడ కట్టాలా, ఖాడీలో పూడిక తీయాలా, రెంటికీ డబ్బు చాలకపోతే ఏది ముందు? ఇది ఇంజనీర్ల ప్రశ్నలా కనిపిస్తుంది. నిజానికి ఇది ఎవరి ఇల్లు ముందు అన్న ప్రశ్న.

చట్టంలో చోటు లేదా అంటే, ఉంది. 74వ రాజ్యాంగ సవరణ 1993 జూన్ 1న అమలులోకి వచ్చింది. మూడు లక్షలు, అంతకు మించి జనాభా ఉన్న నగరాల్లో వార్డు కమిటీలు ఉండాలని 243-ఎస్ అధికరణం చెబుతోంది. తెలంగాణ 2019 మున్సిపాలిటీల చట్టం ఇంకా విడమరిచి, ప్రతి వార్డులో యువతకు, మహిళలకు, వృద్ధులకు, ప్రముఖులకు నాలుగు కమిటీలు, ఒక్కోదానిలో 15 మంది ఉండాలంది. లెక్కప్రకారం వార్డుకు 60 మంది. కాగితం మీద మెల్‌బోర్న్‌ను మించిపోయాం. అయితే మొక్కలు నాటడం, చెత్త వేరు చేయడం లాంటి పనులు వాళ్లకు చెప్పారు గాని, పదేళ్ల అప్పు పట్టిక వాళ్ల ముందు పెట్టి మీరేమంటారని అడగడం చట్టం ఉద్దేశం కాదు. పుణెలో 2006 నుంచి జనం తమ వీధికి కావలసిన పనులు బడ్జెట్‌లోకి సూచించే పద్ధతి ఉంది. మంచిదే. అక్కడ కూడా మాట్లాడేది ఫుట్‌పాత్, దీపం, బస్టాపు గురించి. బెంగళూరులో 1999లో నందన్ నీలేకని అధ్యక్షతన వేసిన అజెండా టాస్క్ ఫోర్స్ కార్పొరేషన్ లెక్కల పద్ధతిని బాగుచేసింది. కాని అది పెద్దల సభ. ఖోలీవాడికి అక్కడా చోటు లేదు.

మరి పాండేసరలో ఏం చేయవచ్చు?

మెల్‌బోర్న్ లాగా 43 మందే కావాలని లేదు. జోన్‌కు ముప్పై, నలభై మంది చాలు. ఓటరు జాబితాలోంచి మాత్రమే తీస్తే మళ్లీ పాత తప్పే. నీటి కనెక్షన్ ఉన్న ప్రతి చాల్ (ఖోలీల వరస), బడిలో చేరిన ప్రతి పిల్లవాడి ఇల్లు, మిల్లుల హాజరు పట్టీ, వీటిలోంచి పేర్లు తీయాలి. మిల్లు యజమానులకు కూడా చోటుండాలి, ఎందుకంటే నీళ్లు కొనేది వాళ్లు. కూర్చునే రోజు కూలి పోతుంది, ఆ కూలి కార్పొరేషనే ఇవ్వాలి. ఇది దండగ ఖర్చు అనేవాళ్లు 2019 నాటి 200 కోట్ల అప్పుకు ఏటా ఎంత వడ్డీ పోయిందో ఇందాకటి అంకె ఒకసారి గుర్తుచేసుకోవాలి. మాటలు గుజరాతీ, హిందీ, ఒడియా, మరాఠీ, తెలుగుల్లో నడవాలి. ఏడు భాషల్లో బడులు నడిపే కార్పొరేషన్‌కు ఇది బరువేమీ కాదు. వాళ్ల ముందు పెట్టాల్సిన ప్రశ్న ఒక్కటి చాలు. మురుగునీటి అమ్మకం మీద వచ్చే డబ్బులో ఎంత ఖాడీకి పోవాలి, ఎంత అప్పు తీర్చడానికి పోవాలి, ఎంత అదే పాండేసర ఖోలీలకు కొళాయిలుగా తిరిగి రావాలి?

వాళ్లకు తెలియదు, చదువుకోలేదు అన్న మాట వస్తుంది. పద్మశాలీ కులసంఘంలో ఒక్కసారి కూర్చుని చూస్తే ఆ అనుమానం పోతుంది. చిట్టీ పాట, చందాల పుస్తకం, మార్కండేయ జయంతి ఖర్చు, చనిపోయినవాళ్ల ఇంటికిచ్చే సాయం, అన్నీ నలుగురి ముందు చదవాల్సిందే. వంద రూపాయలు తేడా వస్తే పెద్దమనిషినైనా నిలబెట్టి అడుగుతారు. బీము ఎన్ని గజాలు దిగింది, కూలి ఎంత రావాలి అన్నది పైసలతో సహా నోటి లెక్క వేసే మనిషికి మున్సిపల్ పద్దు అర్థం కాదనడం అన్యాయం. అర్థం కాకుండా రాశారంటే ఒప్పుకోవచ్చు.

సిరిసిల్ల వాళ్లు ఎప్పటికైనా వెనక్కి రావాలనే ఆశ తెలంగాణలో ఉంది. 2017 అక్టోబరులో వరంగల్ జిల్లాలో కాకతీయ మెగా టెక్స్‌టైల్ పార్కుకు శంకుస్థాపన చేసినప్పుడు సూరత్ వలసల మాట గట్టిగానే వినిపించింది. కొందరు వస్తారు, మంచిదే. కాని సూరత్‌లో పుట్టి, సూరత్ తెలుగు బడిలో చదివి, గుజరాతీ తెలుగంత బాగా మాట్లాడే పిల్లలకు ఊరంటే పాండేసరే. ఆ ఊరి అప్పులో వాళ్ల వాటా ఉంది. ఆ ఊరి మాటలోనూ ఉండాలి.

సూరత్‌లో ఈ ప్రసంగం వింటున్న తెలుగువారికి ఒక విన్నపం. సాధారణంగా జనవరి చివరి రోజుల్లో మున్సిపల్ కమిషనర్ వచ్చే ఏటి ముసాయిదా బడ్జెట్‌ను స్టాండింగ్ కమిటీ ముందు పెడతారు. అది వేల కోట్ల పుస్తకం. కమిటీ, ఆ తరువాత జనరల్ బోర్డు దాన్ని ఆమోదించేలోపు కొన్ని వారాల వ్యవధి ఉంటుంది. కార్పొరేషన్ అలాంటి బృందాన్ని వేసేదాకా ఆగనక్కరలేదు. ఆ వారాల్లో ఒక ఆదివారం సంఘం హాల్లో కూర్చోండి. పక్క వాడలోని ఒడియా వాళ్లను, మరాఠీ వాళ్లను పిలవండి. ఆడవాళ్లను తప్పకుండా పిలవండి, నీళ్ల సంగతి వాళ్లకే బాగా తెలుసు. ఆ పుస్తకంలో నీటి అమ్మకం ఏ పేజీలో ఉందో, ఖాడీకి ఎంత రాశారో వెతకండి. పెద్దవాళ్లకు గుజరాతీ అక్షరాలు రాకపోతే బడికి పోయే పిల్లల చేత చదివించండి. రాసుకున్న ప్రశ్నలు తీసుకుని మీ వార్డు కార్పొరేటర్లు నలుగురి దగ్గరికీ వెళ్లండి.